నమ్ముటయు నమ్ముకొనుటయు



మార్కు సువార్త తొమ్మిదవ యధ్యాయమున నొక తండ్రి కథ కలదు. ఆతని పేరు గ్రంథకర్త చెప్పలేదు, ఊరును జెప్పలేదు. ఆతని కొక కుమారుఁడు. చిన్ననాఁటినుండియు నా బాలునకు మూర్ఛలు వచ్చుచుండెను. నోట నురుగు గ్రక్కుచు, పండ్లు కొఱుకుచు, నొకప్పుడు నిప్పులోను నొకప్పుడు నీటిలోను బడుచుండెను. తండ్రి వానిని యేసుక్రీస్తు శిష్యులయొద్దకుఁ దీసికొనివచ్చెను. వారివలనఁ గాలేదు. చుట్టును జనులు మూఁగిరి. శాస్త్రులు వాదమునకు దిగిరి. పిల్లవాని నట్లే యుంచి పెద్దలు తర్కించుచుండి రన్నమాట. ఇది యాదేశమునకే చెల్లిన వింత గాదు. రోగి మంచముచెంత మతచర్చ చేయుట సర్వదేశములయందును గలదు.

అంతలో యేసు కొండ దిగి వచ్చెను. తండ్రి తన కథయంతయుఁ జెప్పుకొని, యీయనచేత నేమైన నగునేని దయచూపవలసినదని వేఁడుకొనెను. ఆ వేఁడికోలులో 'అగునేని' యను మాట యొకటి దొరలినది. యేసు ఆ మాటనే పట్టుకొనెను. అగుట కాకపోవుట తనయందు లేదనియు, నమ్మువానికి సాధ్యము కానిది లేదనియు సమాధాన మిచ్చెను. అప్పుడా తండ్రి చేసిన పని చూడుఁడు. తాను సంపూర్ణవిశ్వాసి నని యాతఁడు బొంకలేదు. ఆ యొక్క బొంకుతో బిడ్డ బ్రదుకునని తోఁచినప్పుడు ఏ తండ్రి బొంకకుండును? వేయి కన్నులు తనవంకఁ జూచుచున్నవి. శాస్త్రులు తప్పుపట్టుటకై కాచుకొనియున్నారు. ఐనను ఆతఁడు కంటఁ దడిపెట్టుకొని తన హృదయములో నున్న రెంటిని ఒక్క యూపిరిలో బయటఁబెట్టెను: నమ్మిక తన కున్నది, లేకపోవుటయు నున్నది, ఆ లేమికి సహాయము గావలెను. తన సందేహమును ఎవనిగూర్చి సందేహించెనో వానిచేతికే యప్పగించెను.

మఱి యేసు ఏమి చేసెను? ఇంటికిఁ బోయి విశ్వాసమును బూర్తిచేసికొని రమ్మనలేదు. ఎంతపాలు నమ్మిక, ఎంతపాలు సంశయమని తూఁచలేదు. బాలుని చేయి పట్టి లేవనెత్తెను. తండ్రి యవిశ్వాసము ముందుగాఁ గుదిరినదని కథలో నెక్కడను లేదు. బిడ్డ కుదిరిన పిమ్మట నైనఁ గుదిరినదో లేదో గ్రంథకర్త చెప్పలేదు. ఈ విషయమును మీరు మనసున నుంచుకొనవలెను. ఏలయనఁగా, బిడ్డను బోఁగొట్టుకొనిన తల్లితో "నీ విశ్వాసము చాలలేదమ్మా, అందుచేతనే నీ ప్రార్థన ఫలింపలేదు" అని చెప్పెడి బోధకులు నేఁటికిని గలరు. వారు దుఃఖముమీఁద నేరమును మోపుచున్నారు. ఆ తల్లి రాత్రులయందు నిద్రలేక, తాను ఏ క్షణమున సందేహించితినో యని తన హృదయమును త్రవ్వుకొనుచు, బిడ్డను జంపినది తానే యని నిశ్చయించుకొనును. మార్కు చెప్పిన యీ కథ యొక్కటియే యట్టి బోధను బొంకు చేయుటకుఁ జాలును. ఈ కథలోఁ గార్యము కానిది ఎవరిచేత? సందేహించిన తండ్రిచేతఁ గాదు. తమకు శక్తి గలదని తలఁచుకొనిన శిష్యులచేత.

మన తెలుఁగుభాషలో నమ్ముట యని యొక మాటయు, నమ్ముకొనుట యని యొక మాటయుఁ గలవు. ఈ రెండును ఒక్కటి కావు. ఒకఁడు వచ్చి వార్త చెప్పినప్పుడు 'నీ మాట నమ్మితిని' అందుము. అది బుద్ధి చేసెడి పని. సాక్ష్యము చాలినచో నమ్ముదుము, చాలనిచో మానుదుము. 'నిన్నే నమ్ముకొంటిని' అనునది వేఱు. అందు మనుష్యుని బరువంతయు నున్నది. కాపువాఁడు భూమిని నమ్ముకొన్నాఁ డందుము. వాన వచ్చునో రాదో వానికిఁ దెలియదు. మూఁడేండ్లు వరుసగాఁ బంట పోయి యుండవచ్చును. ఐనను ఏరువాకనాఁడు అరక కట్టును. ఆకాశమువంకఁ జూచు వాని చూపులో సందేహమే యున్నది. కాని మేడి వాని చేతిలో నున్నది. వానిని నమ్మికలేనివాఁ డనఁగలమా?

సువార్తలు వ్రాయఁబడిన గ్రీకుభాషలో 'పిస్తిస్' అను పదమునకు ఈ రెండర్థములును, వీనికిఁ దోడు మాట తప్పకుండుట యను మూఁడవ యర్థమును గలవు. కాలక్రమమున సంఘము పెరిగి, భిన్నమతములు పుట్టి, క్రీ. శ. 325 లో నైసియా నగరమున మహాసభ కూడి విశ్వాసప్రమాణమును గూర్చినది. అట్టి ప్రమాణము లేకయే యంత పెద్దసంఘము నిలువఁగలిగెడిదా యని యడిగినచో, నిలువకపోవునేమో. కాని నాఁటినుండి విశ్వాస మనఁగా వాక్యముల పట్టికకు శిరఃకంపము చేయుట యను భావము ప్రబలి, నమ్ముకొనుట యనునది మఱుఁగుపడినదని నా యభిప్రాయము. ప్రమాణములోని పండ్రెండు మాటలలోఁ బదునొకటి యొప్పుకొని యొకదానియొద్ద తడఁబడిన సత్యసంధుని వెలుపలికిఁ బంపి, పండ్రెండును జిలుకవలె వల్లించి దినమంతయు వడ్డీలెక్కలు చూచుకొనువానికి ముందువరుసలోఁ బీఁట వేసిన సంఘములు లేకపోలేదు.

ఇచ్చట మీలోఁ గొందఱకు ఆక్షేపణము తోఁచుచుండును. సంశయాత్ముఁడు నశించునని గీతలో లేదా? సందేహించువాఁడు గాలికి రేగిన సముద్రతరంగము వంటివాఁడని యాకోబు తన పత్రికలో వ్రాయలేదా? ఉన్నవి; రెండు మాటలును నిజమే. కాని సంశయాత్ముఁడు నశించునని చెప్పిన యా గురువే, ధనుస్సు జాఱవిడిచి కూలఁబడిన శిష్యుని సంశయములకుఁ బదునెనిమిది యధ్యాయములు సమాధానము చెప్పుచుఁ గూర్చుండెను, రథమునుండి దిగిపొమ్మనలేదు. యాకోబు మందలించినది ద్విమనస్కుని. వాఁడు దేవుని నడుగుచునే, దేవుఁడు ఈయకపోయినచో నుపయోగించుటకు వేఱొకదానిని వెనుక దాఁచుకొనువాఁడు. వానికి సత్యము తెలిసికొనవలెనను తపన లేదు. రెండు పడవలమీఁదను గాళ్లుంచు నేర్పు మాత్రమే యున్నది. అట్టివాఁడు చదువుకొనిన మన వర్గములో నెక్కువగాఁ గానవచ్చును. సంశయమను పేరుతో వాఁడు తనకుఁ గష్టమైన విధులనుండి తప్పించుకొనును. దానధర్మముల మాట వచ్చినప్పుడే వానికి దేవుని యస్తిత్వమునుగూర్చి శంక కలుగును. మార్కు కథలోని తండ్రికిని వీనికిని ఏమి పోలిక? క్రొత్తనిబంధనలోనే యూదా వ్రాసిన యొక్క యధ్యాయపు చిన్న పత్రికలో, సందేహపడువారియందుఁ గనికరము చూపవలెనని విధి కలదు. యాకోబు వాక్యమును పదిమాఱులు ప్రసంగించువారు యూదా వాక్యము నొక్కమాఱైనఁ దలఁపరు.

తోమా యను శిష్యుని గుఱించి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయనఁగా లోకము వానికి సందేహి యని పేరుపెట్టి యన్యాయము చేసినది. యేసు యూదయకుఁ దిరిగి పోఁదలఁచినపుడు, అచ్చటి వారు ఱాళ్లతోఁ గొట్టఁజూచి యెంతో కాలము కాలేదు. తక్కిన శిష్యులు వలదనిరి. మనమును బోయి ఆయనతోఁ జత్తము రండని తోటివారిని బిలిచినవాఁడు తోమా. యోహాను సువార్త పదునొకండవ యధ్యాయమున నిది యున్నది. దీనినిబట్టి యెవ్వరును వానికి శూరుఁడని పేరుపెట్టలేదు! పునరుత్థానదినమున సాయంకాలము శిష్యులు భయముచేఁ దలుపులు మూసికొని యుండఁగా యేసు వారికిఁ గనఁబడి చేతులును ప్రక్కయుఁ జూపెను. తోమా యప్పుడు లేఁడు. పిమ్మట వారు చెప్పఁగా, ఆ గాయములను దాను జూచి తాఁకినఁగాని నమ్మననెను. ఇందులో నధికముగా నడిగిన దేమి? తక్కినవారికిఁ జూపఁబడినదానినే తానును గోరెను. తాఁకుట యొక్కటి యెక్కువ. ఆ తక్కినవారు మాత్రము, సమాధియొద్దనుండి స్త్రీలు వచ్చి చెప్పినపుడు నమ్మిరా? పిచ్చిమాటలని త్రోసివేసిరని లూకా వ్రాసినాఁడు.

నాకు ముఖ్యముగాఁ దోఁచునది తోమా యడిగిన ప్రశ్న కాదు, ఆ పిమ్మట గడచిన వారము. ఎనిమిది దినములైన తరువాత శిష్యులు మరల లోపలఁ గూడియున్నప్పుడు తోమాయు వారితోఁ గూడ నుండెను. ఆ వారమంతయు నేమి జరిగినదో సువార్త చెప్పదు. పదుగురు సంతోషముతో నున్నారు. ఒక్కఁడు ఆ సంతోషములోఁ బాలుపంచుకొనలేకున్నాఁడు. వారు వానిని వెలివేయలేదు. వాఁడును వారిని గపటులని విడిచిపోలేదు. ఒకే కప్పు క్రింద, ఒకే పళ్లెరమునొద్ద, నమ్మినవారును నమ్మనివాఁడును వారముదినములు కలసి భుజించియుందురు. ఆ రెండవ దర్శనము తోమాకుఁ గలిగినది ఏకాంతములోఁ గాదు, ఆ గదిలోనే. వారు వానిని బోఁగొట్టినను, వాఁడు తానై పోయినను, ఆ దర్శనమునకు వాఁ డుండఁడు గదా. ఈ తోమాయే మనదేశమునకు వచ్చెనని పురాతన సంప్రదాయము. కేరళదేశపు సురియాని క్రైస్తవులు తమ సంఘమునకు మూలపురుషుఁ డాతఁడే యందురు. చెన్నపట్టణమున మైలాపూరులో నాతని సమాధిపైఁ గట్టఁబడినదని చెప్పెడి దేవాలయమును మీలో ననేకులు చూచియుందురు. మత్తయి సువార్త తుదియధ్యాయమునను ఒక చిన్న మాట కలదు: గలిలయ కొండమీఁద యేసును జూచి శిష్యులు మ్రొక్కిరి, కొందఱు సందేహించిరి. ఆ కొందఱిని వేఱుచేసి నిలువఁబెట్టక, లోకమంతటికిని బొండని యేసు అందఱకు నొక్కటే యాజ్ఞ యిచ్చెను.

ఇవి పూర్వకాలపు మాటలు. మన దేశపుఁ జరిత్రనుండి యొక జీవితమును జూతము. పండిత రమాబాయి 1858 లో జన్మించెను. తండ్రి యనంతశాస్త్రి డోంగ్రే లోకమును లక్ష్యపెట్టక భార్యకును గూఁతునకును సంస్కృతము నేర్పెను. 1874 లోఁ గఱవువలనఁ దలిదండ్రులు మృతినొందిరి. అన్నతోఁ గాలినడకను దేశము తిరిగి 1878 లోఁ గలకత్తా చేరఁగా, అచ్చటి పండితులు ఆమె విద్యకు మెచ్చి పండిత, సరస్వతి యను బిరుదము లిచ్చిరి. స్త్రీకి వేదాధికారము లేదని విని పెరిగిన యామెను, బ్రహ్మసమాజనాయకుఁడు కేశవచంద్రసేనుఁడు వేదమును జదువుమని ప్రోత్సహించెను. 1880 లో అన్న పోయెను. వివాహమైన కొలఁదికాలమునకే 1882 లో భర్తయుఁ బోయెను. చంకను జిన్నబిడ్డతో 1883 లో ఇంగ్లండునకుఁ బోయి, వాంటేజి పట్టణమున నొక క్రైస్తవ సన్యాసినీమఠములో నుండి, ఆ యేఁటనే సెప్టెంబరునెలలో బాప్తిస్మము పొందెను.

ఇంతవఱకు నందఱు నెఱిఁగినదే. బాప్తిస్మమైన తరువాతి కథను ఎఱిఁగినవారు తక్కువ. క్రీస్తుయొక్క దైవత్వమును, త్రిత్వసిద్ధాంతమును, కన్యాగర్భజననమును మఠమువారు బోధించిన రీతిగా నామె యంగీకరింపలేకపోయెను. తనకు గురుస్థానమందున్న జెరల్డీను సోదరితోను, చెల్టెనుహాము కళాశాలాధ్యక్షురాలగు డొరోతియా బీలుతోను ఆమె జరపిన యుత్తరప్రత్యుత్తరములు 1977 లో బొంబాయిలో గ్రంథరూపమునఁ బ్రకటింపఁబడినవి. వానిని జదువునపుడు మనకుఁ దోఁచున దేమి? ఆ స్త్రీ పరదేశమున, పరులయన్నము తినుచు, పరభాషలో, తనకు మేలుచేసినవారితోనే, అంతరాత్మ యొప్పుకొననిదానిని ఒప్పుకొనితి నని చెప్పుట కంగీకరింపకున్నది. బ్రాహ్మణపురోహితుల కట్టు తెంపుకొని వచ్చినది మఱియొక పురోహితుల కట్టులోఁ బడుటకుఁ గాదని యామె యభిమతము. జెరల్డీను సోదరికి నొప్పి కలిగినది. అది గర్వమని యామె తలఁచెను. బీలుదొరసాని మాత్రము రమాబాయి ప్రశ్నలను బ్రశ్నలుగానే గ్రహించి యోపికతో సమాధానములు వ్రాసెను. ఈ యిద్దఱిలో ఎవరివంటివారము మనమని నేనిచ్చట విచారింపను.

ఇంత సందేహమున్నను రమాబాయి తన పనిని మానినదా? 1889 లో బొంబాయిలో శారదాసదనము స్థాపించి వితంతుబాలికలకు విద్య చెప్పెను. తనకు మతము దొరకినది గాని, ఆ మతమునకుఁ బ్రాణమైనవాఁడు దొరకలేదని యప్పటి తన స్థితినిగూర్చి యామె పిమ్మట వ్రాసికొనెను. 1891 ప్రాంతమున, అనఁగా బాప్తిస్మమైన యెనిమిదేండ్లకు, ఆమె హృదయమునకు నిశ్చయము కలిగినది. ఆ యెనిమిదేండ్లును ఆమె క్రైస్తవురాలు కాదందురా? తరువాతి కఱవులలో నూఱులకొలఁది యనాథబాలికలను రక్షించి కేడ్గాములో ముక్తిసదనమునఁ జేర్చిన చేతులు ఆ సంశయకాలములోనే పని నేర్చినవి. ఏ గ్రంథమునుగూర్చి యన్ని ప్రశ్న లడిగెనో, ఆ గ్రంథమునే హీబ్రూ గ్రీకు మూలములను జదివి మరాటీభాషకుఁ దెచ్చెను. ఆ పనిలోనే తుదిదినములు గడపి 1922 లో లోకము విడిచెను.

రమాబాయికి నిశ్చయము లభించినది. లభింపనివారి సంగతి యేమి? ఇది యింతకంటెఁ గఠినమైన ప్రశ్న. కలకత్తా తెరీసామాతను ఎఱుఁగనివారు లేరు. 1910 లో స్కోప్యె నగరమునఁ బుట్టి, 1929 లో మనదేశమునకు వచ్చి, 1946 సెప్టెంబరు 10 వ తేదీని డార్జిలింగునకుఁ బోవుచు రైలుబండిలో, బీదలలోఁ గడపటి బీదలయొద్దకుఁ బొమ్మను పిలుపు విన్నట్లు తలఁచెను. 1948 లో మఠము విడిచి వీథిలోనికి వచ్చెను. ఇంచుమించుగా నాఁటినుండియే యామె హృదయములో దీప మాఱినది. ప్రార్థించినచో నెవ్వరును లేనట్లుండెను. దేవుఁడు తన్ను వలదనినట్లుండెను. 1958 లోఁ గొన్నివారములు మాత్రము వెలుఁగు కనఁబడి మరల మఱుఁగయ్యెను. 1997 లో మరణించువఱకు నా చీఁకటి వీడలేదు. ఈ సంగతి యామె గురువులకుఁ దప్ప నన్యులకుఁ దెలియదు. ఆ యుత్తరములను దగులఁబెట్టవలసినదని యామె వేఁడెను, వారు తగులఁబెట్టలేదు, 2007 లో నవి యచ్చుపడినవి. చనిపోయినవారి కోరికను ద్రోసివేయుట ధర్మమా యని నాకు సంకోచమే. కాని యచ్చుపడినందువలన నెందఱు ఏకాంతదుఃఖితులకు ఊఱట కలిగెనో తలఁచినపుడు, ఆ గురువులను దూషింపఁజాలను.

అవి వెలువడిన దినములలో, నవ్వుమొగము బయటను నాస్తికత లోపలను బెట్టుకొనినదని కొందఱు నిందించిరి. వారు నమ్ముటను మాత్రమే యెఱుఁగుదురు, నమ్ముకొనుట నెఱుఁగరు. ఒక స్త్రీ యేఁబదియేండ్ల దాఁక, ప్రతిదినమును దెల్లవాఱకమున్నే లేచి, తనకు బదులుచెప్పనివానితోఁ బ్రార్థనలో మాటలాడి, పిమ్మట వీథిలోఁ బడియున్న రోగిని జేతులతో నెత్తుకొనుచుండెను. సుఖము కలుగుచున్నందున ఆమె యట్లు చేయుచుండెనని యెవ్వరును జెప్పఁజాలరు. 1961 ప్రాంతమున నోయినరు అను జెసూట్ గురువు ఆమెకు నూతనార్థమును జూపెను: దేవుని కొఱకైన యంత ఆకలియే దేవుని సాన్నిధ్యమునకు సాక్ష్యమనియు, శిలువపైఁ దాను విడువఁబడితినని యఱచిన క్రీస్తుతో నిది సహవాసమనియు. ఆ మాటతోఁ జీఁకటి పోలేదు. చీఁకటితోడి కలహము పోయినది. శిలువమీఁది యా యఱపు నీ సందర్భమునఁ దలఁపక తీఱదు. విడిచితివేల యని యడిగిన యా నోరు, అడుగుట 'నా దేవా' యని యడిగినది.

కావున మీకుఁ జెప్పవలసిన పని కొంచెమే యున్నది. మీ యింటఁ గళాశాలలోఁ జదువు కుమారుఁడో కూఁతురో యొకనాఁడు భోజనమువేళ, తనకు దేవునియందు నమ్మిక కలుగుట లేదని చెప్పవచ్చును. ఆ మాట మీ యెదుట ననుట మీయందుఁ గల గౌరవము. అనక లోపల దాఁచుకొని మీవెంట మందిరమునకు వచ్చి మ్రొక్కువారు చాలమంది కలరు. వారిపైఁ గోపింపకుఁడు. తల్లి కన్నీరు చూపి నోరు మూయింపకుఁడు. మీకుఁ దెలిసినంతవఱకుఁ జెప్పుఁడు; తెలియనిచోటఁ దెలియదని యొప్పుకొనుఁడు. మార్కు సువార్త తొమ్మిదవ యధ్యాయమును వారితోఁ గూర్చుండి చదువుఁడు, కాని చదివినవెంటనే ఫల మేమని యడుగకుఁడు. ఆరాధనకు రానన్నచో, బీదల రాత్రిపాఠశాలకో రోగుల పరామర్శకో మీతోఁ గూడ రమ్మని పిలువుఁడు. వచ్చినచో, అక్కడ నందఱిచేతను చేయించినంత పనియే వారిచేతను జేయింపుఁడు. రాత్రి యన్నమునకుఁ బీఁట మామూలుగా వేయుఁడు. తోమాకు ఎనిమిది దినములు పట్టినవి, రమాబాయి కెనిమిది సంవత్సరములు పట్టినవి. మీ బిడ్డకు ఎంతకాలము పట్టునో మీరు లెక్కపెట్టుచుఁ గూర్చుండవలదు.